మీ నాన్న చిట్టాలో ఖాళీ రోజులు

చి. అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. సంవత్సరీకం నాటికి నాన్న గురించి చిన్న పుస్తకం వేయాలని ఉందని రాశావు. నువ్వు పంపిన మూడు పేజీలూ చదివాను. వాటిలో మీ నాన్న లేరమ్మా. "నిరాడంబరుడు, కష్టజీవి, అజాతశత్రువు" అని ఉంది. బెజవాడ ఆటోనగర్లో ఎవర్నడిగినా ఆయనకి పడని వాళ్ల పేర్లు నాలుగైనా చెబుతారు. లారీ బాడీ సగం కట్టి, పద్యనాటకం ఉందని తెనాలి వెళ్లి, అటునుంచి అటే ఎటో పోయి పది రోజులకి ఇంటికి చేరే మనిషాయన. ఆ మనిషి పుస్తకంలోకి రావాలంటే విశేషణాలు పక్కన పెట్టి కాగితాలు తియ్యి.

అటక మీద ఎర్రగుడ్డ అట్టల పొడుగు పుస్తకాలు ఉన్నాయన్నావు కదా, అసలు సరుకు అదే. ఆవర్జాలతో మొదలుపెట్టకు, చిట్టాలు చూడు. ఆవర్జాలో ఎవరి బాకీ ఎంతన్నదే తేలుతుంది, ఆ రోజు ఎలా గడిచిందో చిట్టాలోనే ఉంటుంది. దించగానే ఎండలో పడెయ్యకు, పాత కాగితం పెళుసెక్కి మడత దగ్గర విరుగుతుంది. నీడపట్టున రెండు రోజులు గాలికి ఉంచి, మెత్తటి బ్రష్షుతో కుట్టు దగ్గర్నుంచి అంచు వైపుకి తుడువు. తర్వాత ఏడాదికో తెల్లకాగితం పెట్టుకుని మూడే మూడు సంగతులు రాసుకో: చేతిరాత మారిన రోజులు, పద్దులే లేని రోజులు, జమ వైపు ఇచ్చినవాళ్ల పేరు లేకుండా పడిన పెద్ద మొత్తాలు.

నువ్వు ఫోన్లో తీసి పంపిన పేజీలే చూడు. సోమవారం దాకా మీ నాన్న రాత. "టేకు చెక్క", "రివిట్లు", "పెయింటరు అడ్వాన్సు" అని అక్షరం మీద అక్షరం ఎక్కించి, సున్నాలు కూడా మూయకుండా. మంగళవారం నుంచి గుండ్రటి రాత, ప్రతి పద్దు కింద సన్నటి గీత. అది మీ అమ్మ రాత. తొమ్మిది రోజులు అదే. మధ్యలో శనివారం వారం కూలీలు ఇవ్వాల్సిన రోజున, జమ వైపు "ఇంట్లోంచి" అని ఒక్క మాట, పక్కన నాలుగు వేలు. ఆ నెల బ్యాంకు తాకట్టు రసీదు వెతుకు. గాజులో గొలుసో దాని మీద బరువుతో సహా ఉంటుంది. ఈ పద్దు లేకుండా "ఒంటిచేత్తో పైకొచ్చారు" అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు కానీ, మీ అమ్మకి తెలుస్తుంది.

ఆ తొమ్మిది రోజులూ ఆయన ఎక్కడున్నారో తేల్చడానికి రైలు టికెట్ల కోసం వెతక్కు. పాత అట్ట టికెట్లు దిగేటప్పుడు గేటు దగ్గరే తీసేసుకునేవాళ్లు. ఉత్తరాలు చూడు. కార్డు మీద ఆయన తేదీ వేయకపోయినా తపాలా ముద్రలో ఊరూ తేదీ ఉంటాయి. సత్రం రసీదులు, గుడిలో అర్చన చీటీలు చొక్కా పెట్టెలో అడుగున దొరుకుతాయి.

ఇక మనుషులు. మేస్త్రీని, పెయింటర్ని, షెడ్డు ముందు టీ కొట్టాయన్ని, ఈ ముగ్గుర్నీ ఈ నెలలోనే కలువు, వయసైపోతోంది. "నాన్న ఎలాంటివారు?" అని అడిగావో, "దేవుడమ్మా" అనే జవాబే వస్తుంది, అక్కడితో సరి. "కూలి డబ్బు చేతికిచ్చేవారా, బల్ల మీద పెట్టేవారా? అడ్వాన్సు అడిగితే ఏమనేవారు? ఆఖరిసారి ఎందుకు కోప్పడ్డారు?" అని అడుగు. ఫోన్లో రికార్డు చేసుకో, ఫ్యాన్ ఆపు, ఒక విడతకి నలభై నిమిషాలు దాటనివ్వకు. గంట మాటలు కాగితం మీదికి రావాలంటే నాలుగైదు గంటలు పడుతుంది, అందుకని ఏ రోజుది ఆ రోజే రాసెయ్యి.

వాళ్లని ఏ సంవత్సరమని అడక్కు. "కృష్ణా పుష్కరాలకి ముందా, తర్వాతా?" అను. అవి 1980, 1992, 2004, 2016లో వచ్చాయి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు. వంగవీటి రంగా గారి హత్య తర్వాత కర్ఫ్యూ 1988 డిసెంబరు ఆఖరు. బెజవాడలో ఆ వయసు వాళ్లకి ఈ మూడూ గుర్తుంటే చాలు, వాటి మధ్య మిగతాది సర్దుకోవచ్చు.

ఫోటోలకీ తేదీలు ఇలాగే పట్టాలి. వెనకాల టాటా 407 బండి కనిపిస్తే అది 1986కి ముందు ఫోటో కాదు. బండి నంబరు ఏపీ 16 అని ఉంటే 1989 తర్వాతది. మూడక్షరాల పాత నంబరుంటే మాత్రం తొందరపడకు, బండి పాతదైనా ఫోటో కొత్తది కావచ్చు. షెడ్డులో అప్పుడే రంగేసిన లారీకి అసలు నంబరే ఉండదు, ఛాసిస్ తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద వచ్చి, బాడీ పూర్తయ్యాక కదా పక్కా నంబరు పడేది. మూలన నారింజ రంగులో అచ్చయిన తేదీని నమ్మకు, కెమెరా బ్యాటరీ మార్చాక దాన్ని సరిచేసిన వాళ్లు తక్కువ. ఇంకోటి, నెగెటివ్ తిరగేసి కడిగిన ఫోటోలు ఉంటాయి. చొక్కా జేబు తొడుక్కున్న మనిషికి కుడివైపున ఉంటే అనుమానించు.

షెడ్డు స్థలం కొన్న కథ ఇంట్లో ముగ్గురు మూడు రకాలుగా చెబుతున్నారన్నావు. ఈసీ తీయించు, అంటే స్థలం మీద రిజిస్టరైన అమ్మకాలూ తాకట్లూ చూపించే సర్టిఫికెట్. 1983 నుంచి ఉన్నవి కంప్యూటర్లో వస్తాయి, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు వెతికించాలి. అమ్మినవారు, కొన్నవారు, తాకట్టు పెట్టుంటే అదీ తేలుతుంది. దస్తావేజులో మొత్తం మాత్రం నిజంగా ఇచ్చిన డబ్బు అనుకోకు.

భాగస్తుడితో గొడవ గురించి రాయాలా వద్దా అని అడిగావు. రాయి. కానీ ఆయన దగ్గరికి ముందు నువ్వే వెళ్లు. వేరుపడిన నెల, ఎవరికి ఏ సామాను వచ్చింది, ఆ తర్వాత ఎన్నాళ్లకి మాట్లాడుకున్నారు, ఇంతవరకు చాలు. ఎవరిది తప్పన్న తీర్పు వద్దు. మీ నాన్నకి బాకీ ఎగ్గొట్టిన వాళ్ల పేర్లు కూడా వేయకు, వాళ్ల పిల్లలు ఆ వీధిలోనే తిరుగుతున్నారు.

అచ్చు సంగతి. డెమ్మీ 1/8 సైజు, 64 పేజీలు. పదహారేసి పేజీల ఫారాలు నాలుగు. మూడు ఫారాలు 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) మ్యాప్‌లిథో కాగితం, నడిమి ఫారం ఆర్ట్ పేపరు మీద ఫోటోలకి. అట్ట 250 జీఎస్ఎం. ఈ మందానికి సెంటర్ పిన్నింగ్, అంటే నడిమి మడత మీద పిన్నులు కొట్టడం, సరిపోతుంది. పేజీకి సుమారు రెండొందల మాటలు పడతాయి, ఆ మూడు ఫారాల్లో శీర్షికలూ ఖాళీలూ పోను ఎనిమిది వేల మాటలకి మించి రాయకు. నవంబరు, డిసెంబరు క్యాలెండర్ల కాలం, ప్రెస్సువాళ్లు నీ వైపు చూడరు. అక్టోబరులోపే ఇచ్చెయ్యి.

స్కానింగ్ చిన్న ఫోటోలకి 600 డీపీఐ. వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపు. అద్దానికి అతుక్కున్న పెళ్లి ఫోటోని పీకకు, అద్దంతో సహా స్కాన్ చేయించు. నువ్వు ఫోన్లో టైప్ చేసింది పేజీలు కూర్చే డీటీపీ ఆయన అనూ ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు జారిపోతాయి, పేర్లూ అంకెలూ దెబ్బతింటాయి. ప్రూఫు స్క్రీన్ మీద కాక కాగితం మీద చూడు. ఒకరు మూలం పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు దిద్దాలి.

ఆఖరి ప్రూఫు ప్రెస్సుకి వెళ్లే ముందు అంతా అమ్మకి చదివి వినిపించు. "ఇంట్లోంచి" అన్న పద్దు దగ్గర కాసేపు ఆగు. ఆవిడ ఆ పేరా వద్దంటే, ఎందుకని అడక్కుండా తీసెయ్యి.

చిట్టాలు రెండు పంపిస్తానన్నావు. గోనెసంచిలో వేయకు, అడుగూ పైనా గట్టి అట్టలు పెట్టి, తాడు బిగించకుండా గుడ్డలో చుట్టి మనిషితో పంపు.

ఇట్లు,
బాబాయి