నారా రెజినూ కలిసే చోట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే వచ్చాయి. తెప్ప అడుగు, కాలేజీ ప్రాజెక్టు, జీడితొక్క నూనె, ప్రహరీ గోడ ఊచలు. పైకి ఒకదానికొకటి పొంతన లేదు. కానీ ఇలాంటి పదార్థాల్లో చాలాసార్లు ముందుగా విడిపోయేది నార (గాజుదైనా, గోగుదైనా), రెజిన్ (దాన్ని పట్టి ఉంచే, గట్టిపడే జిగురు) అంటుకున్న చోటే. అందుకే జవాబులు చాలావరకు తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

ప్రశ్న: మాది ఫైబర్ తెప్ప. ఆరేళ్లయింది. వేట లేనప్పుడు మొగలోనే (ఏరు సముద్రంలో కలిసే చోట) లంగరేసి ఉంచుతాం. వేట నిషేధం మొదలయ్యాక ఒడ్డుకి లాగి బోర్లా వేస్తే అడుగున శనగగింజంత పొక్కులు, కొన్నిచోట్ల రూపాయి బిళ్లంతవి కనిపించాయి. ఒకటి చిదిపితే పుల్లటి వాసనతో నీరు కారింది. పుట్టీ పెట్టి రంగేస్తే సరిపోతుందని మేస్త్రీ అంటున్నాడు. జూన్ 15కి నీళ్లలో దించాలి. ఏం చేయమంటారు?
— ఒక మత్స్యకారుడు, భావనపాడు

జవాబు: పుట్టీ పెట్టించకండి. ఆ పుల్లటి వాసనే రోగమేదో చెప్పేసింది.

పాలియెస్టర్ రెజిన్ మనం అనుకున్నంత నీరు పట్టనిదేం కాదు. జెల్‌కోట్ (తెప్ప పైన నున్నటి రెజిన్ పూత) గుండా నీరు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా లోపలికి దిగుతుంది. లోపల సరిగా గట్టిపడని రెజిన్ తునకలు, మిగిలిపోయిన గ్లైకాల్ (రెజిన్ తయారీలో వాడే ద్రవం), కొన్ని రకాల మ్యాట్‌లో (గాజు పోగుల చాపలో) పోగుల్ని పట్టి ఉంచే ఎమల్షన్ బంక ఉంటాయి. అవి ఆ నీటిలో కరిగి చిక్కటి ద్రవమవుతాయి. ఎండు ద్రాక్ష నీళ్లలో వేస్తే ఉబ్బినట్టు, ఆ చిక్కటి ద్రవం బయటి నీటిని ఇంకా లాక్కుంటుంది. ఒత్తిడి పెరిగి జెల్‌కోట్ పొక్కుతుంది. వానల్లో మొగనీరు చప్పబడినప్పుడు ఈ లాగుడు మరీ ఎక్కువ. రోజూ ఇసుక మీదికి లాగే తెప్పలకి ఈ జబ్బు తక్కువ, వాటికి ఆరే వ్యవధి దొరుకుతుంది. వాటికి అడుగు అరిగిపోవడమే బాధ.

ముందు చిన్న సుత్తితోనో రూపాయి బిళ్లతోనో అడుగంతా జానెడు జానెడు దూరంలో తట్టండి. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా, మెత్తగా పలికితే అక్కడ పొరలు విడిపోయాయి. సుద్దతో గుర్తు పెట్టండి. తర్వాత 36 లేదా 40 నంబరు డిస్కుతో గ్రైండ్ చేయండి. తెల్లబారిన పోగులు కనిపిస్తే అక్కడ గాజు నుంచి రెజిన్ ఊడిపోయిందని అర్థం. ఆ తెలుపు పోయి, కింద ఆకుపచ్చగానో తేనె రంగులోనో పారదర్శకంగా ఉన్న గట్టి పొర వచ్చేదాకా తీయాలి. ఈ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. గ్రైండ్ చేసి నేరుగా ఎండబెడతారు. నీరు ఆరుతుంది గానీ గ్లైకాల్ ఆరదు. ప్రొపిలీన్ గ్లైకాల్ మరిగేది 188 డిగ్రీల దగ్గర, మన మే నెల ఎండ దానికి లెక్కలోది కాదు. అది లోపలే ఉండిపోయి మళ్లీ నీటిని పిలుస్తుంది. అందుకని తెరిచిన గుంటల్ని వారం పాటు రోజూ మంచినీటితో, వీలైతే ప్రెషర్ పంపుతో కడగండి. ఉప్పునీళ్లు వాడొద్దు. ఆపైన నీడలో, గాలి ఆడేచోట మూడు నాలుగు వారాలు ఆరనివ్వండి. నిషేధం 61 రోజుల్లో సగం దీనికే పోతుంది, కాబట్టి ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి.

ఆరిందో లేదో తెలుసుకోడానికి యంత్రం అక్కర్లేదు. అడుగు పొడవుండే చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక పగలంతా ఎండలో ఉంచండి. లోపలి వైపు చెమట పడితే ఇంకా ఆరలేదు.

పూడ్చడానికి రెండు దారులున్నాయి. గుంటలు లోతు తక్కువైతే ఎపాక్సీలో (ఇది మరో రకం రెజిన్) సిలికా పొడి కలిపి నింపండి. లోతుగా ఉంటే ఐసోఫ్తాలిక్ రెజిన్‌తో గానీ వినైల్ ఎస్టర్‌తో గానీ చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే మ్యాట్ వేయాలి. ఒక పొర గట్టిపడితే సుమారు 1 మి.మీ. మందం వస్తుంది. మ్యాట్ బరువుకి రెండున్నర రెట్లు రెజిన్ పడుతుంది, అంటే చదరపు మీటరుకి ఒక కిలో పైచిలుకు. అడ్డంగా చిల్లే పడితే చుట్టూ అంచుని మందానికి 12 రెట్లు వాలుగా చెక్కండి. 8 మి.మీ. అడుగుకి చుట్టూ దాదాపు 10 సెం.మీ. వాలు. నిలువుగా కోసి అతికిన ముక్క మొదటి పెద్ద అలకే ఊడిపోతుంది, ఎందుకంటే దాన్ని పట్టుకునే చోటే తక్కువ.

ఎపాక్సీతో మామూలు మ్యాట్ కలపకండి. మ్యాట్ బంకని కరిగించేది పాలియెస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రవం. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, మ్యాట్ బిరుసుగానే ఉండి లోపల గాలి మిగులుతుంది. ఎపాక్సీకి నేసిన గాజుబట్ట వాడాలి. అలాగే ఎపాక్సీ పైన పాలియెస్టర్ సరిగా పట్టదు. ఒకసారి ఎపాక్సీలోకి దిగితే చివరి కోట్ల దాకా ఎపాక్సీయే.

పాలియెస్టర్ రెజిన్ కిలోకి కేటలిస్ట్ (రెజిన్‌ని గట్టిపరిచే ద్రవం) 10 నుంచి 20 గ్రాములు. మే నెల వేడికి 10 గ్రాములు, అంటే దాదాపు 9 మి.లీ. చాలు. అంతకంటే తగ్గిస్తే రెజిన్ ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు, మళ్లీ పొక్కులకి విత్తనం నాటినట్టే. పొద్దున్నే నీడలో పని చేసుకోండి, ఒక్కసారికి అరకిలో మించి కలపకండి. కోబాల్ట్‌ని (గట్టిపడటాన్ని వేగం చేసే ద్రవం) ముందు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే కేటలిస్ట్ వేయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంట, పేలుడు. కేటలిస్ట్ కంట్లో పడితే చూపే పోవచ్చు. వెంటనే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతూ ఉండి, ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ విషయంలో బేరాల్లేవు.

మర్నాడు ఎసిటోన్ తడిపిన గుడ్డతో తుడిచి చూడండి. పైపొర జిగటగా మారితే గట్టిపడలేదన్నమాట.

ప్రశ్న: మేం మెకానికల్ చివరి ఏడాది విద్యార్థులం. గోగునారని 10 శాతం కాస్టిక్ సోడా నీళ్లలో రాత్రంతా నానబెట్టి, కడిగి, ఎండలో ఆరబెట్టాం. 5 మి.మీ. ముక్కలు చేసి బరువులో 30 శాతం ఎపాక్సీలో కలిపి పలకలు పోశాం. ఉత్త ఎపాక్సీ 58 మెగాపాస్కల్స్ (లాగితే తెగే బలానికి కొలత) దగ్గర తెగితే, నార కలిపినది 31 దగ్గరే తెగింది. పలక సాంద్రత 1.14 (ఘన సెం.మీ.కి గ్రాముల్లో) వచ్చింది. నార కలిపితే బలం పెరగాలి కదా సార్?
— విద్యార్థులు, విజయనగరం

జవాబు: సాంద్రత కొలిచి పంపడం మంచి పని చేశారు, చాలామంది అదొక్కటే మరిచిపోతారు. అక్కడి నుంచే మొదలుపెడదాం.

గోగునార సాంద్రత 1.45, ఎపాక్సీది 1.15 అనుకుంటే, గాలి బుడగల్లేని పలక సాంద్రత ఎంతుండాలి? 0.30ని 1.45తో భాగిస్తే 0.207. 0.70ని 1.15తో భాగిస్తే 0.609. రెండూ కలిపి 0.816. ఒకటిని దానితో భాగిస్తే 1.226. మీకు వచ్చింది 1.14. తేడా 0.086, అంటే పలకలో దాదాపు 7 శాతం గాలే. నార కలిపిన పలక ఉత్త ఎపాక్సీ కంటే తేలిగ్గా వచ్చిందంటేనే అనుమానం రావాలి. ప్రతి బుడగా ఒక పగులుకి మొదలు.

ఆ గాలి రెండు దారుల్లో వచ్చింది. ఒకటి కలపడంలో. రెండోది నారలోని తేమ. మన తీరప్రాంతపు గాలిలో ఎండబెట్టిన గోగునార ఎండినట్టే కనిపిస్తుంది గానీ బరువులో పదో వంతు దాకా నీరు పట్టి ఉంటుంది. ఓవెన్‌లో 70 నుంచి 80 డిగ్రీల దగ్గర, గంట తేడాతో రెండుసార్లు తూచినా బరువు మారనంత వరకు ఆరబెట్టండి. తీసిన వెంటనే సిలికా జెల్ వేసిన మూసిన డబ్బాలో పెట్టండి. బల్ల మీద వదిలేస్తే చూస్తుండగానే తేమ తిరిగి ఎక్కుతుంది.

ఇక సోడా. సోడా నార మీది మైనాన్ని, కొంత లిగ్నిన్‌ని, హెమిసెల్యులోజ్‌ని (నారలోని బంక పదార్థాలు) తీసేసి ఉపరితలాన్ని గరుకు చేస్తుంది. రెజిన్‌కి పట్టు దొరుకుతుంది. కానీ 10 శాతం, రాత్రంతా అంటే నారలోని సెల్యులోజ్ పోగుల్ని కలిపి ఉంచే బంకని కూడా కడిగేశారు. 5 శాతం ద్రావణం, గది వేడిలో 2 నుంచి 4 గంటలు చాలు. నార బరువుకి 20 రెట్లు ద్రావణం ఉండాలి. తీశాక బాగా కడిగి, ఒక శాతం ఎసిటిక్ ఆమ్లంలో ముంచి, మళ్లీ కడిగి, సోడా గానీ ఆమ్లం గానీ మిగల్లేదని లిట్మస్ కాగితంతో చూడండి. శుద్ధి చేయని నారతో కూడా ఒక పలక పోయండి. పోల్చడానికి అది లేకపోతే సోడా వల్ల మేలు జరిగిందో కీడు జరిగిందో చెప్పలేరు.

ఇప్పుడు 5 మి.మీ. సంగతి. రెజిన్ నారని పక్కల నుంచి పట్టుకుని లాగుతుంది. పొడవు చాలకపోతే నార తన పూర్తి బలానికి చేరకముందే రెజిన్ లోంచి ఊడి వస్తుంది. కావలసిన కనీస పొడవు లెక్క ఇది: నార బలాన్ని వ్యాసంతో గుణించి, అంటుబలానికి (నారకీ రెజిన్‌కీ మధ్య పట్టు) రెట్టింపుతో భాగించాలి. నార బలం 400 మెగాపాస్కల్స్, వ్యాసం 0.08 మి.మీ., అంటుబలం 5 అనుకుంటే 3.2 మి.మీ. వస్తుంది. అంటుబలం 2కి పడిపోతే అదే 8 మి.మీ. మీ 5 మి.మీ. ముక్కలు మొదటి లెక్కలో సరిపోతాయి, రెండో లెక్కలో సరిపోవు.

మీది ఏ లెక్కో తెగిన ముక్కే చెబుతుంది. తెగిన అంచుని పది రెట్లు చూపే భూతద్దం కింద పెట్టండి. గడ్డం మాసినట్టు పొడవాటి నారలు బయటికి పొడుచుకొచ్చి, ఎదుటి ముక్కలో వాటికి సరిపోయే నున్నటి రంధ్రాలుంటే అంటు కుదరలేదు. నారలు అంచుతో సమానంగా తెగి, వాటి మీద రెజిన్ పొలుసులు అంటుకుని ఉంటే పట్టు బాగుంది, అప్పుడు నార బలాన్నే అనుమానించాలి. ఈ ఫోటో మీ రిపోర్టులో పెట్టండి. గ్రాఫుల కంటే దీని విలువ ఎక్కువని మా నమ్మకం.

పోత విషయానికొస్తే, 100 గ్రాముల ఎల్‌వై 556 రకం ఎపాక్సీ రెజిన్‌కి 10 గ్రాముల హెచ్‌వై 951 హార్డనర్, తూకంతో, అంచనాతో కాదు. ఒక్కసారికి 200 గ్రాములు దాటొద్దు. గిన్నెలో ఎక్కువ కలిపితే అదే వేడెక్కి పొగలు కక్కి గడ్డకడుతుంది. నెమ్మదిగా కలిపి, వాక్యూమ్ ఛాంబర్ ఉంటే కొద్ది నిమిషాలు బుడగలు లాగించి, మూత ఉన్న అచ్చులో అదిమి 24 గంటలు ఉంచండి.

పరీక్షకి ఏఎస్‌టీఎం డీ 3039 అనే ప్రమాణం ప్రకారం ముక్క 250 మి.మీ. పొడవు, 25 వెడల్పు, 2.5 మందం. హ్యాక్‌సా బ్లేడుతో కోసిన అంచుల్లో చిన్న పగుళ్లుంటాయి. సన్నటి ఎమెరీ కాగితంతో పొడవు దిశలోనే రుద్దండి. కనీసం ఐదు ముక్కలు లాగాలి. యంత్రం దవడల్లో తెగిన వాటిని లెక్కలోంచి తీసేయండి.

ఇన్నీ సరిచేసినా, అడ్డదిడ్డంగా పరిచిన పొట్టి నారతో బలం అమాంతం పెరగదు. ముందు పెరిగేది బిరుసుతనం, కాబట్టి మాడ్యులస్ (బిరుసుతనం కొలత) కూడా కొలవండి. బలమే చూపించాలంటే పొడవాటి నారని ఒకే దిశలో దువ్వి పరచండి. నార కూడా ఒకే రకానిది కావాలి. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం గోగు మీద పనిచేసే కేంద్రం, రకం పేరు అక్కడ అడిగి రాసుకోండి. కాండం మొదలు భాగం నారకి బెరడు అంటుకుని బిరుసుగా ఉంటుంది. ఎక్కువ రోజులు నీళ్లలో ఊరితే నారే నీరసిస్తుంది. మధ్యభాగం మాత్రమే వాడి, ఎన్ని రోజులు ఊరవేశారో నమోదు చేయండి.

ప్రశ్న: జీడితొక్క నూనెని ఫైబర్ పనిలో రెజిన్‌తో కలపొచ్చా? ఖర్చు తగ్గుతుందంటున్నారు.
— పలాస

జవాబు: పాలియెస్టర్‌లో నేరుగా కలపకండి. ఆ నూనె ఫినాల్ జాతిది. పాలియెస్టర్ గట్టిపడే చర్యని ఫినాల్స్ అడ్డుకుంటాయి, రోజులు గడిచినా పలక జిగటగానే ఉంటుంది. పచ్చి నూనెలో ఎక్కువ ఉండేది అనకార్డిక్ ఆమ్లం. జీడి బట్టీల్లో చేతులు కాల్చేవాటిలో అదొకటి. వేడి చేస్తే అది కార్డనాల్‌గా మారుతుంది. కార్డనాల్‌ని ఫార్మాల్డిహైడ్‌తో చర్య జరిపి చేసిన రెజిన్ బ్రేక్ లైనింగుల్లో వాడతారు. కార్డనాల్ నుంచే ఫినాల్కమైన్ అనే ఎపాక్సీ హార్డనర్ కూడా తయారవుతుంది. తడి ఉన్నచోట కూడా గట్టిపడుతుంది కాబట్టి పడవల పూతలకి పనికొస్తుంది. ఇదంతా కర్మాగారంలో జరగాల్సిన పని, పెరట్లో డ్రమ్ము పెట్టి చేసేది కాదు.

ప్రశ్న: సముద్రానికి అర కిలోమీటరులో స్థలం ఉంది. ఇనుప ఊచలు తుప్పు పడతాయని గాజు ఫైబర్ ఊచలు వేయమంటున్నారు. ప్రహరీకి, ఇంటికి రెండింటికీ వాడొచ్చా?
— చింతపల్లి, పూసపాటిరేగ మండలం

జవాబు: ప్రహరీ పునాదికి, నేల మీది గచ్చుకి వాడుకోండి. ఇంటి స్తంభాలకి, దూలాలకి ఆ ఊచలకే లెక్కగట్టిన ఇంజినీరు డ్రాయింగు లేకుండా వద్దు. ఇనుప ఊచల డ్రాయింగులో ఇనుము కొట్టేసి ఫైబర్ అని రాస్తే కుదరదు. లాగితే తెగే బలం ఇనుము కంటే ఎక్కువే. కానీ బిరుసుతనం ఇనుముకి 200 గిగాపాస్కల్స్ అయితే దీనికి 45 నుంచి 50. అదే మందం ఊచ వేస్తే దూలం ఎక్కువ వంగుతుంది, పగుళ్లు వెడల్పవుతాయి. ఇనుము సాగి హెచ్చరిస్తుంది, ఇది చెప్పకుండా తెగుతుంది. అగ్నిప్రమాదంలో రెజిన్ ముందే మెత్తబడుతుంది.

పనిలో జాగ్రత్తలు కూడా వేరు. సైటు దగ్గర వంచడం కుదరదు, మూలలకి ఫ్యాక్టరీలోనే వంచినవి తెప్పించాలి. కత్తిరింపు యంత్రంతో నొక్కి కోస్తే కొస నలిగిపోతుంది, డిస్కుతోనే కోయాలి. 10 మి.మీ. ఇనుప ఊచ మీటరు 617 గ్రాములుంటే ఇది 165 దగ్గర. కాంక్రీటు కంటే తేలిక కాబట్టి వైబ్రేటర్ పెట్టినప్పుడు పైకి తేలుతుంది. నైలాన్ కట్లతో కిందికి బిగించి పోయాలి.

ఇంటికి ఇనుమే వాడదలిస్తే, తీరప్రాంతానికి ఐఎస్ 456 (మన దేశపు కాంక్రీటు ప్రమాణం) చెప్పినట్టు ఎం 30 తరగతి కాంక్రీటు, ఊచ మీద 45 మి.మీ. కాంక్రీటు కవరు ఇవ్వండి. ఉప్పుబావి నీరు, సముద్రపు ఇసుక దగ్గరికి రానివ్వకండి. తుప్పు సగం అక్కడే ఆగుతుంది.

ఫైబర్ ఊచ కొనేటప్పుడు వినైల్ ఎస్టర్ రెజిన్‌తో చేసిందేనా అని అడిగి, పరీక్ష పత్రం చూడండి. కాంక్రీటులోని క్షారం గాజుని తింటుంది. దాన్ని ఆపేది ఆ రెజిన్ పొరే, పాలియెస్టర్ అక్కడ ఎక్కువ కాలం నిలవదు. ఒక పరీక్ష మీరే చేసుకోవచ్చు. ఊచ నుంచి అంగుళం ముక్క డిస్కుతో కోసి, కొసలు నున్నగా రుద్ది, పళ్లెంలో 2 మి.మీ. లోతు ఎర్ర సిరా పోసి నిలబెట్టండి. పావుగంట తర్వాత పైకొస చూడండి. ఎర్ర చుక్కలు తేలితే పోగుల పక్కనే సన్నటి గొట్టాల్లా సందులున్నాయి, సిరా ఎక్కిన దారినే ఉప్పునీరూ ఎక్కుతుంది. ఆ సరుకు తిప్పి పంపేయండి.