ముళ్లకంచె దాటి వచ్చిన కారు గీత

ప్రశ్న: మా అబ్బాయి దగ్గర 1963 మోడల్ కార్వెట్ బొమ్మ కారు ఉంది. వెనక అద్దం మధ్యలో పట్టీతో రెండుగా ఉంటుంది. దాన్ని గీసినాయన చిన్నప్పుడు ఖైదీగా ఉన్నాడని, తర్వాత సైన్యంలో పనిచేశాడని విన్నాను. నిజమేనా, ఎవరాయన?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిజమేనండీ. ఆయన పేరు లారీ షినోడా. 1930లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన జపనీస్ అమెరికన్. 1942లో, జపాన్‌తో యుద్ధం మొదలయ్యాక, ఏ తప్పూ చేయని సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లను అమెరికా ప్రభుత్వం ఇళ్లు ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టింది. పన్నెండేళ్ల షినోడా కాలిఫోర్నియా ఎడారిలోని మంజనార్ శిబిరంలో, ముళ్లకంచె వెనక, కాపలా బురుజుల కింద బతికాడు. తనను అలా బంధించిన దేశం తరఫునే పెద్దయ్యాక వైమానిక దళంలో చేరి కొరియా వెళ్లాడు. నాకు ఆయన కార్ల కంటే ముందు గుర్తొచ్చేది ఇదే.

1956లో, కార్వెట్ కార్లు చేసే జనరల్ మోటార్స్ కంపెనీలో చేరారు. డిజైన్ విభాగం పెద్ద బిల్ మిచెల్ కింద పనిచేస్తూ స్టింగ్ రే రేసు కారుకీ, 1961లో ప్రదర్శన కోసం చేసిన మాకో షార్క్ కారుకీ, మీరడిగిన 1963 కార్వెట్‌కీ రూపమిచ్చారు. ఒక్కరి చేతి పని కాదులెండి, పీటర్ బ్రాక్ లాంటివాళ్ల తొలి గీతలూ అందులో ఉన్నాయి. ఇక ఆ వెనక అద్దం పట్టీ మిచెల్ పట్టుబట్టి పెట్టించింది. వెనక ఏమొస్తుందో సరిగ్గా కనపడదని ఇంజనీరు జోరా ఆర్కస్-డంటోవ్ మొదటినుంచీ వద్దన్నారు, చివరికి 1964లో తీసేశారు, అందుకే ఆ ఒక్క ఏడాది కార్లంటే ఇప్పటికీ అంత మోజు.

1968లో ఫోర్డ్ కంపెనీకి మారి మస్టాంగ్ బాస్ 302 అనే కారు చేశారు. పక్కల ఉత్తుత్తి గాలిరంధ్రాలు తీసేసి, నల్ల చారలు వేసి, ముందు స్పాయిలర్ (గాలిని మళ్లించే పలక) పెట్టారు. ఏం చేస్తున్నావని అడిగితే ‘బాస్ కారు’ అనేవారని, ఆ పేరు అలా వచ్చిందని చెబుతారు. ఆ బాస్, అంటే ఫోర్డ్ అధ్యక్షుడు బంకీ నడ్సన్‌ను 1969లో ఫోర్డ్ తీసేసింది, ఆయనతోపాటు షినోడా ఉద్యోగమూ పోయింది. చాలా అన్యాయం అనిపిస్తుంది నాకు.

శిబిరాల విషయంలో తప్పు జరిగిందని అమెరికా ప్రభుత్వం 1988లో చట్టం చేసి క్షమాపణ చెప్పింది, అప్పటికి బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్ల పరిహారం ప్రకటించింది. షినోడాకి అప్పటికి 58 ఏళ్లు. 1997 నవంబరులో మిషిగన్‌లో కన్నుమూశారు. బొమ్మ కారు మీ అబ్బాయి చేతిలో ఉన్నప్పుడు ఈ పేరు కూడా చెప్పండి.