కాయిల్ మార్చినా మాడు రుచి పోకపోతే

మీ వేప్‌లో (ఈ-సిగరెట్‌లో) కొత్త కాంథాల్ కాయిల్ (కరెంటుతో వేడెక్కే లోహపు తీగ చుట్ట) వేశాక కూడా నాలుగైదు పఫ్‌లకే మాడు రుచి వస్తోందని, ఆవిరి పల్చగా ఉందని రాశారు. నా అనుమానం కాయిల్ మీద కాదండీ, దాని లోపల లిక్విడ్‌ను పీల్చే దూది మీద. దూదిని కాయిల్‌లోంచి లాగితే కాస్త పట్టినట్టు కదలాలి, అంతే. తీగ కూడా దాంతో పాటు వంగుతోందంటే బిగుతు ఎక్కువైనట్టే. లిక్విడ్ మధ్యకు చేరేలోపే దూది కాలిపోతుంది. చివర్లను కత్తెరతో పల్చగా చేసి, లిక్విడ్ ఉండే గుంటలో కుక్కకుండా వదులుగా వాల్చండి. వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్) ఎక్కువున్న చిక్కటి లిక్విడ్ అయితే ఇది మరీ ముఖ్యం.

ఈసారి దూది పెట్టకముందే తక్కువ వాట్స్‌లో కొద్దికొద్దిగా వేడిచేసి చూడండి. ఎరుపు మధ్యలో మొదలై అంచులకు పాకాలి. ఏదో ఒక చుట్టు ముందే మెరిస్తే బటన్ వదిలేసి, సెరామిక్ ట్వీజర్‌తో మెల్లగా నొక్కి సర్దండి. గాలి రంధ్రం కాయిల్‌కు ఎదురుగా ఉంటే రుచి బాగా తెలుస్తుంది.

ఆవిరి కోసం కాయిల్ ఓమ్స్ (విద్యుత్ నిరోధం) తగ్గించే తొందర మాత్రం వద్దు. మెకానికల్ మాడ్‌లో (కరెంటును అదుపు చేసే సర్క్యూట్ లేని వేప్‌లో) 4.2 వోల్టుల దగ్గర 0.5 ఓమ్ కాయిల్ 8.4 ఆంపియర్లు లాగుతుంది, 0.2 అయితే ఏకంగా 21. బ్యాటరీ అంత తట్టుకోలేకపోతే పేలే ప్రమాదం ఉంది. కాయిల్ బిగించిన ప్రతిసారీ ఓమ్ మీటర్‌లో చూశాకే బ్యాటరీ పెట్టండి.