ఆ చెయ్యి బొమ్మ

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

రసాయనాల డబ్బాల మీద దేశమంతా ఒకే రకం గుర్తులు పెట్టించే పనికి నిన్ను ఢిల్లీలో తీసుకున్నారని మీ నాన్న ఫోన్ చేశాడు. కృష్ణలంకలో కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్రపట్టలేదు. ముప్పై ఏళ్ళు ఆటోనగర్ గొడౌన్లలో డ్రమ్ముల మధ్య బతికినవాణ్ణి, నా భయాలు నాకుంటాయి.

ప్రపంచమంతా ఒకే గుర్తులుండాలని ఐక్యరాజ్యసమితి ఆ పద్ధతిని, అదే జీహెచ్ఎస్‌ని, 2003లో అచ్చువేసిందనీ, ప్రమాదం చెప్పే ఎర్ర అంచు బొమ్మలు తొమ్మిదనీ, సరుకు వివరాలు రాసే కాగితం, అదే డేటా షీటుకి, 16 భాగాలుంటాయనీ నీకు నేను చెప్పక్కర్లేదు. పాత సరుకు అమ్ముడయ్యేదాకా గడువివ్వండి. డ్రమ్ములోంచి చిన్న డబ్బాలోకి వంపితే దానికీ లేబులుండాలని రాయండి.

ఇక నా సంగతి. మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు.

2011లో నేను స్టోర్స్ చూసే కంపెనీకి యూరప్ నుంచి మెషిన్లు కడిగే మందు వచ్చింది, 20 లీటర్ల క్యాన్లు. దాని డేటా షీటు చూశాను. చర్మాన్ని కాల్చే గుణం, కేటగిరీ 1 అని ఉంది. మా గోడ మీద ప్రమాదాన్ని అంకెల్లో చెప్పే నాలుగు రంగుల డైమండ్ బోర్డు ఉండేది. దాని లెక్కలో 0 అంటే ఏమీ లేదు, 4 అంటే యముడు. ఏళ్ళ తరబడి అదే బుర్రలో పాతుకుపోయింది. ఒకటేగా, అనుకున్నాను. కొత్త పద్ధతిలో లెక్క తిరగబడిందనీ, 1 అంటేనే అన్నిటికన్నా పెద్దదనీ, ఆ కాగితాలు చదవడానికే జీతం తీసుకునే నాకు తెలీదు. చేతి తొడుగులు బీరువాలో ఉన్నాయి. తాళం నా జేబులో ఉంది.

ఒక క్యాను మూత దగ్గర కారుతోంది. దించుతున్న కుర్రాడికి పందొమ్మిదేళ్ళుంటాయి. చేతులకి అంటింది. క్షారం కదా, తాకగానే మండలేదు, జారుడుగా ఉంది. "సబ్బులా ఉంది సార్" అని నవ్వాడు. క్యాను మీద బొమ్మ చూపించాడు. గాజు గొట్టంలోంచి చెయ్యి మీద చుక్కలు పడుతున్న బొమ్మ. "ఇదిగో, చేతులు కడుక్కునేదే" అని మోచేతులదాకా రుద్దుకున్నాడు. పొద్దుటినుంచీ గ్రీజు పట్టిన చేతులు మరి. నేను టీ తాగుతూ చూస్తూనే ఉన్నాను.

కాసేపటికి అరుపు. కుళాయి కింద పెట్టేసరికే వేళ్ళ మధ్య తోలు తెల్లగా ఉబ్బి ఊడొస్తోంది. కుడిచేతి రెండు వేళ్ళు ఇప్పటికీ ముడవలేడు. కంపెనీ రిపోర్టులో 'కార్మికుడి అజాగ్రత్త' అని రాశారు. కింద సంతకం నాది.

అందుకే, బొమ్మకి భాషతో పనిలేదని మీ మీటింగుల్లో ఎవరన్నా అంటే తలూపకు. నీకసలే తొందరెక్కువ. ఇంటర్‌లో ప్రశ్నపత్రం రెండోవైపు తిప్పకుండానే పేపరిచ్చి వచ్చావు! ఆ రోజు ఎన్ని తిట్టానో. సాయంత్రం నేనే పునుగులు కొనిపెట్టాననుకో.

రెండోవైపు తిప్పి చూడమనేది ఇక్కడ. గుంటూరులో మిర్చికి మందు కొట్టే రైతుకి పురుగుమందుల డబ్బాల మీది 1971 నాటి నిబంధనల రంగు త్రికోణాలు అలవాటు. విషం ఎక్కువ నుంచి తక్కువకి దిగితే, ఎరుపు, పసుపు మీద 'పాయిజన్', ఆ తర్వాత నీలం మీద 'డేంజర్', చివర ఆకుపచ్చ మీద 'కాషన్'. అంటే డేంజర్ అతనికి మూడో మెట్టు. మీ పద్ధతిలో హెచ్చరిక మాటలు రెండే, డేంజర్, వార్నింగ్. అక్కడ డేంజరే పెద్దది. ఒకే మాట రెండు డబ్బాల మీద రెండు బరువులు తూగితే, నేను 1ని చూసి మోసపోయినట్టే అతనూ మోసపోతాడు. తెలుగు మాటలు డిక్షనరీలో వెతికి పెట్టి ఊరుకోకండి. డబ్బా మోసేవాణ్ణీ మందు కలిపేవాణ్ణీ కూర్చోబెట్టి, "ఇది చూస్తే నీకేమనిపిస్తోంది?" అని అడగండి. వాళ్ళు తప్పు చెబితే నవ్వకండి, రాసుకోండి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ తొమ్మిది బొమ్మలూ పెద్దగా ప్రింటు తీసుకురా. ఆటోనగర్ వెళదాం. ఆ కుర్రాడు ఇప్పుడు అక్కడే టీకొట్టు పెట్టుకున్నాడు. ముందు అతనికే చూపిద్దాం. గ్లాసు ఎడమచేత్తో ఇస్తాడు, ఏమీ అనుకోకు.

మీ పెదనాన్న