మెంటర్‌తో ఏం మాట్లాడాలి?

ప్రశ్న: బీటెక్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) రెండో సంవత్సరం చదువుతున్నాను. గణితం, నెట్‌వర్క్ అనాలిసిస్ (విద్యుత్ సర్క్యూట్ల విశ్లేషణ) సబ్జెక్టులు తప్పాను. స్నేహితులు మైనర్ డిగ్రీ (సొంత బ్రాంచితో పాటు మరో విభాగంలో అదనపు కోర్సులు) తీసుకోమంటున్నారు. నాకు సలహాదారుగా కాలేజీ కేటాయించిన అధ్యాపకులు, మెంటర్ గారి దగ్గర కౌన్సెలింగ్ రిజిస్టర్‌లో సంతకం పెట్టడం తప్ప ఎప్పుడూ మాట్లాడలేదు. ఏం చేయమంటారు? – ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: రెండు సబ్జెక్టులు పోయినంత మాత్రాన బెంగపడకండమ్మా, కానీ మైనర్ మాట ఇప్పుడే వద్దని నా గట్టి అభిప్రాయం. బీటెక్‌కు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నమూనా పాఠ్య ప్రణాళిక 160 క్రెడిట్లు నిర్దేశించింది. మైనర్ అంటే వాటిపైన మరో 18 నుంచి 20 క్రెడిట్లు. ఒక థియరీ క్రెడిట్‌కు సెమిస్టర్‌లో దాదాపు 15 గంటల తరగతులుంటాయి కాబట్టి, ఆ అదనపు భారం సుమారు 300 గంటలు. పైగా బ్యాక్‌లాగ్‌లు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) ఉన్నవారిని మైనర్‌కు అనుమతించని విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి, కనుక మీ విశ్వవిద్యాలయ నిబంధనల (రెగ్యులేషన్) పుస్తకం తప్పక చూడండి.

మీరు తప్పిన రెండింటికీ సంబంధం ఉంది. గణితంలోని అవకలన సమీకరణాలు (డిఫరెన్షియల్ ఈక్వేషన్లు) పట్టుబడనివారు, నెట్‌వర్క్ అనాలిసిస్‌లో రెసిస్టర్, ఇండక్టర్, కెపాసిటర్ ఉండే ఆర్‌ఎల్‌సీ సర్క్యూట్‌లో స్విచ్ వేసిన క్షణాన కరెంటు ఎలా మారుతుందో లెక్కించే చోటే ఆగిపోతారు. అందుకే ముందు గణితం చదవండి.

మెంటర్ గారి దగ్గరకు మార్కుల మెమో, పాత ప్రశ్నపత్రం తీసుకెళ్లి, "సార్, ఈ లెక్కలో ఈ మెట్టు దగ్గర ఆగిపోతున్నాను, ఎవరిని అడగమంటారు?" అని చూపించండి. "చదువు కష్టంగా ఉంది" అంటే ఆయన ధైర్యం మాత్రమే చెప్పగలరు. ఆగిన మెట్టు చూపిస్తే దారి చెప్పగలరు. సప్లిమెంటరీ ఫీజు గడువు కూడా అప్పుడే కనుక్కోండి.