సిటింగ్ సెనేటర్‌ని సొంత పార్టీ ప్రైమరీలో ఓడించాలంటే అభ్యర్థికి ఏం ఉండాలి?

అమెరికాలో పదవిలో ఉన్న సెనేటర్ మీద అదే పార్టీ నుంచి పోటీచేసి గెలవాలంటే పేరు ముఖ్యమా, డబ్బు ముఖ్యమా అని అడిగారు. ఆ రెండూ దండిగా ఉన్న అభ్యర్థి కోసం పనిచేసి ఓటమి చూసినవాణ్ణి. అక్కణ్ణుంచే చెప్తాను.

2020లో మేం మసాచుసెట్స్‌లో, ష్రూస్‌బరీలో ఉండేవాళ్లం. అంతకు రెండేళ్ల ముందే నాకు పౌరసత్వం వచ్చింది. డెమొక్రాట్ సెనేటర్ ఎడ్ మార్కీ మీద అదే పార్టీ నుంచి జో కెనెడీ దిగారు. మాజీ అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనెడీ తమ్ముడు రాబర్ట్ కెనెడీకి మనవడు, వయసు 39, అప్పటికే ప్రతినిధుల సభలో ఉన్నారు. మార్కీకి 74. 1976లో మొదటిసారి కాంగ్రెస్‌కి ఎన్నికైన మనిషి. మొదట్లో సర్వేల్లో కెనెడీదే పైచేయి. నేనూ అదే నమ్మాను. కెనెడీ అన్న పేరు గుంటూరులో ఉన్న మా నాన్నకి కూడా తెలుసు!

మన దగ్గర టికెట్ హైకమాండ్ ఇస్తుంది, బీ-ఫారం చేతికొస్తే అభ్యర్థి అయిపోతాడు. ఇక్కడ ఆ పని ప్రైమరీలో ఓటర్లు చేస్తారు. మసాచుసెట్స్‌లోనైతే ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్లు కూడా ఏదో ఒక పార్టీ ప్రైమరీలో ఓటు వేయొచ్చు. రాష్ట్రంలో సగానికి పైగా ఓటర్లు అలాంటివాళ్లే.

ముందు బ్యాలట్ మీద పేరు ఎక్కాలి. దానికి 10,000 మంది ఓటర్ల సంతకాలు కావాలి. ఒక్కో కాగితం మీద ఒకే ఊరివాళ్లు ఉండాలి, వాటిని ఆ ఊరి క్లర్క్ ఆఫీసులో సరిచూస్తారు. ఫిబ్రవరిలో ఒక శనివారం కెనెడీ కోసం ఇండియన్ స్టోర్ బయట క్లిప్‌బోర్డ్ పట్టుకుని నిలబడ్డాను. చలికి పెన్ను రాయదు. ఒకటి జేబులో వెచ్చగా పెట్టుకుని రెండూ మార్చుకుంటూ రాయించాను. రెండు గంటల్లో నలభై మందిని పలకరిస్తే సంతకం చెల్లేవాళ్లు ఆరుగురే తేలారు. మిగతావాళ్లు వీసా మీదో, గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లు. "అన్నా, మాకు ఓటే లేదు కదా, సంతకం పనికొస్తుందా?" అని ఎంతో ఆదరంగా అడిగారు. మార్చికల్లా కరోనా వచ్చిపడింది. రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ సంతకాల లెక్కని సగానికి, అంటే 5,000కి తగ్గించింది. ఊరూరా ఇలా నిలబడే మనుషులు లేని అభ్యర్థి ఎంత గొప్పవాడైనా మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు.

తర్వాత ఫోన్లు. ఒక సాయంత్రం వూస్టర్‌లో ఒక రిటైర్డ్ నర్సు ఎత్తారు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "సరే, మార్కీ చేసిన తప్పేమిటి?" అన్నారు. కొత్త తరం రావాలండీ అన్నాను. "నాకు 71. వయసు తప్పా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఇంకో ముప్పై నంబర్లు మిగిలి ఉన్నా ఫోన్ పక్కన పెట్టేశాను.

మీ ప్రశ్నకి నా జవాబు అక్కడుంది. ఉన్న మనిషిని ఎందుకు తీసెయ్యాలో ఓటరుకి ఒక్క మాటలో అర్థం కావాలి. పైగా, 2019లో ప్రతినిధుల సభలోని యువ సభ్యురాలు అలెగ్జాండ్రియా ఒకాసియో-కార్టెజ్‌తో కలిసి గ్రీన్ న్యూ డీల్ (వాతావరణ మార్పుని ఎదుర్కొంటూ ఉద్యోగాలు సృష్టించాలనే ప్రణాళిక) తీర్మానం పెట్టింది మార్కీయే. కుర్రకారు ఆయన వెనక నిలబడ్డారు. మేం అనుకున్న "కొత్త తరం" ఆయన వైపే ఉంది! సెప్టెంబర్ 1న ఫాల్ రివర్, న్యూ బెడ్‌ఫర్డ్ లాంటి కార్మికుల ఊళ్లలో కెనెడీ గెలిచినా, రాష్ట్రం మొత్తం మీద 55-45 తేడాతో మార్కీదే గెలుపు. మసాచుసెట్స్‌లో రాష్ట్రవ్యాప్త ఎన్నికలో కెనెడీ కుటుంబీకుడు ఓడిపోవడం అదే మొదటిసారి.

కారణం ఉన్నచోట ఎలా ఉంటుందో చూడండి. 2006లో కనెక్టికట్‌లో నెడ్ లామాంట్ పేరు రాష్ట్రంలో చాలామందికి తెలియదు. కేబుల్ వ్యాపారం, సొంత డబ్బు ఉన్నాయి, నిజమే. కానీ ఆయన్ని నిలబెట్టింది ఇరాక్ యుద్ధం. ఆ యుద్ధాన్ని గట్టిగా సమర్థించిన సిటింగ్ సెనేటర్ జో లీబర్‌మన్ మీద డెమొక్రాట్లు రగిలిపోతున్నారు. 52-48తో లామాంట్ గెలిచారు.

2012లో ఇండియానాలో రిపబ్లికన్ రిచర్డ్ లూగర్‌ది ఇంకో కథ. 35 ఏళ్లకు పైగా సెనేటర్‌గా ఉన్నారు, విదేశాంగ వ్యవహారాల్లో అందరూ గౌరవించే మనిషి. కానీ 1977లోనే అమ్మేసిన ఇంటి చిరునామా మీద ఓటరుగా ఉన్నారని బయటపడింది. ఊరికి దూరమైపోయారన్న మాట జనంలోకి వెళ్లిపోయింది. ప్రత్యర్థి రిచర్డ్ మర్డాక్ అప్పటికే రాష్ట్ర ట్రెజరర్‌గా రెండుసార్లు గెలిచారు, జిల్లా స్థాయి పార్టీ అధ్యక్షుల్లో ఎక్కువమంది ఆయన వైపే. దాదాపు 61-39తో లూగర్‌ని ఓడించారు. సెనేటర్ వైపు ఒక బలహీనత, ఛాలెంజర్ వైపు రాష్ట్రమంతా మనుషులు. నా దృష్టిలో ఈ రెండూ కలిస్తేనే పోటీ.

అయితే నవంబర్‌లో జరిగే అసలు ఎన్నికని కూడా లెక్కలో పెట్టుకోవాలి. ప్రైమరీలో ఓడిన లీబర్‌మన్ స్వతంత్రుడిగా నిలబడి లామాంట్‌ని ఓడించారు. మర్డాక్ అత్యాచారం వల్ల వచ్చే గర్భం గురించి డిబేట్‌లో అన్న మాటకి దేశమంతా గొడవ లేచింది, ఆ సీటు డెమొక్రాట్ జో డానెల్లీకి పోయింది. ప్రైమరీ ఓటరు కూడా ఇది ఆలోచిస్తాడు, ఆలోచించాలి కూడా.

డబ్బు సంగతి త్వరగా చెప్తాను. టీవీ ప్రకటనలకీ సిబ్బందికీ కావాలి, లేకపోతే ఎవరూ పట్టించుకోరు. కాకపోతే కారణం ఉన్న అభ్యర్థికి చిన్న చిన్న విరాళాలు వాటంతటవే వస్తాయి.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఒక్క డాలర్ కూడా విరాళం ఇవ్వకూడదు, చట్టం ఒప్పుకోదు. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వొచ్చు. జీతం తీసుకోకుండా వలంటీర్‌గా పనిచేయడానికి మాత్రం వీసా అడ్డు కాదు. మా వీధిలో ఒక తమ్ముడు ఓటు లేకుండానే ఆ వేసవంతా మార్కీ తరఫున ఫోన్లు చేశాడు. మార్కీయే ఎందుకు అని అడిగితే చాలు, గ్రీన్ న్యూ డీల్ గురించి పది నిమిషాలు ఆగకుండా చెప్పేవాడు.