ఇల్లు ఇప్పుడే రాసివ్వకండి మాస్టారూ, వీలునామా రాయండి

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. తెనాలి దగ్గర హైస్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. 1994లో నా జీతం డబ్బుతో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాం. మా నాన్నగారు తన సొంత డబ్బుతో కొన్న పొలంలో నా వాటాకు రెండెకరాలు వచ్చింది. ఆయన 1986లో పోయాక 1988లో అన్నదమ్ములం పంచుకున్నాం. బ్యాంకు డిపాజిట్లకు అబ్బాయే నామినీ. అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం, అమ్మాయి గుంటూరులో కాపురం. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద అమ్మాయికి కొంత ఇచ్చాం. డాక్యుమెంట్ రైటరు 'వీలునామా ఎందుకండీ, ఇల్లూ పొలం అబ్బాయి పేర ఇప్పుడే గిఫ్టు రాసేయండి, కోర్టు గొడవలుండవు' అంటున్నాడు. నా తర్వాత నా భార్య ఎవరి దగ్గరా చెయ్యి చాచకూడదన్నదే నా టెన్షన్. వీలునామా రాస్తే ప్రొబేట్ (అది నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) కావాలా?

జవాబు: మాస్టారూ, ముందు ఆ గిఫ్టు మాట పక్కన పెట్టండి. గిఫ్టు డీడ్ రిజిస్టరై, అబ్బాయి దాన్ని స్వీకరించాడంటే మీరు మనసు మార్చుకుని రద్దు చేయడం దాదాపు కుదరదు. ఆ రోజు నుంచి మీరిద్దరూ అబ్బాయి ఇంట్లో ఉంటున్నట్టే లెక్క. 2007 నాటి వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ ఉంది, నిజమే. కన్నవాళ్ల బాగోగులు చూడాలన్న షరతుతో ఆస్తి తీసుకుని చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయమని ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. కానీ కొడుకు మీద కేసు వేసి ఇల్లు వెనక్కి తెచ్చుకునే పరిస్థితి మీకు ఎందుకు రావాలి?

పొలం సంగతి ఇంకా తేలిక. విదేశాల్లో ఉంటున్న వాళ్లు, అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ (విదేశీ భారతీయ పౌరుల) కార్డు ఉన్నవాళ్లతో సహా, ఇక్కడ వ్యవసాయ భూమి కొనడానికి గానీ గిఫ్టుగా తీసుకోవడానికి గానీ ఫెమా (విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా అయితే తీసుకోవచ్చు. అంటే అబ్బాయికి ఆ రెండెకరాలు ఇవ్వాలన్నా వీలునామాయే దారి. ఈ ముక్క తెలియక గిఫ్టు రాసుకుని, తర్వాత అమ్మబోయే రోజున చిక్కుల్లో పడ్డ కుటుంబాలున్నాయి.

ఇక ఆ రెండెకరాల మీద మీకు పూర్తి హక్కు ఉందా అన్నది. తాతల నాటి పొలమంతా పిత్రార్జితమే అనుకుంటారు మనవాళ్లు. అలా కాదు. మీ నాన్నగారు సొంతంగా కొన్నారు, వీలునామా రాయకుండా 1956 తర్వాత పోయారు. కాబట్టి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ కింద మీ వాటా మీకు సొంత ఆస్తిగానే వచ్చింది. సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో ఇదే చెప్పింది. మీ పిల్లలకు అందులో పుట్టుకతో వచ్చే హక్కు లేదు, మీ ఇష్టమొచ్చినట్టు రాయొచ్చు. కానీ మీ ఉత్తరంలో ఒక మాట లేదు. మీకు అక్కచెల్లెళ్లున్నారా? 1986 నాటికి మీ అమ్మగారు ఉన్నారా? ఉంటే వాళ్లూ మీతో సమానంగా వారసులే. 1988 పంపకంలో వాళ్ల వాటా ఏమైందో, విడుదల దస్తావేజు (హక్కు వదులుకున్నట్టు రాసే కాగితం) ఏమైనా రాశారో చూసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం, మీ ఇంట్లో అమ్మగారి గురించి, అంటే మీ భార్య గురించి. మన ప్రాంతంలో వీలునామాల్లో ఒకే వాక్యం తరతరాలుగా నడుస్తోంది: 'నా తదనంతరం నా భార్య సదరు ఇంటిని జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారుడు దానవిక్రయాది సర్వహక్కులతో అనుభవించవలెను.' చదవడానికి బాగానే ఉంటుంది. ఆవిడకు రేపు ఆపరేషన్ అవసరమై ఇల్లు అమ్ముకోవాలన్నా, కుదువ పెట్టుకోవాలన్నా ఈ వాక్యం చేతులు కట్టేస్తుంది. పైగా గొడవలు పుట్టించేదీ ఇదే. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ మొదటి భాగం ప్రకారం, భరణం హక్కుకు బదులుగా స్త్రీకి ఇచ్చిన ఆస్తి ఆమెకు సంపూర్ణ హక్కు అయిపోతుంది. కాగితంలో ఎన్ని షరతులు రాసినా సరే. నెల్లూరు కోర్టులో మొదలైన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు 1977లో ఈ మాట తేల్చింది. రెండో భాగం మాత్రం, వీలునామా ద్వారా కొత్తగా పరిమిత హక్కే ఇస్తే అది పరిమితంగానే ఉంటుందంటుంది. మీరు రాసింది ఏ భాగం కిందికి వస్తుందన్న దాని మీదే పిల్లలు ఏళ్ల తరబడి కొట్లాడుకుంటారు. అందుకే నా సలహా ఒకటే: ఇల్లు ఆవిడకే సర్వహక్కులతో రాసేయండి. ఆవిడ తర్వాత ఎవరికన్నది ఆవిడే తన వీలునామాలో రాసుకుంటారు. రాయకపోయినా ఇద్దరు పిల్లలకూ చెరి సగం వెళ్తుంది.

డిపాజిట్లలో ఆవిడకు ఎంత రావాలో కూడా స్పష్టంగా రాయండి. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు తీసుకునే మనిషి మాత్రమే, యజమాని కాదు. అయినా ముందు అబ్బాయి అకౌంటులో పడి, అక్కడి నుంచి అమ్మగారికి రావడమెందుకు? నామినీ పేరు ఈ వారమే మార్చండి.

అమ్మాయికి ఇచ్చిన పసుపు కుంకుమ ఆమె వారసత్వాన్ని తీసేయదు. మీరు వీలునామా రాయకపోతే ఆమెకు అన్నిటిలోనూ సమాన వాటా వస్తుంది. రాసి తక్కువ ఇవ్వాలనుకుంటే ఎందుకో రెండు వాక్యాలు రాయండి. కారణం లేకుండా కన్నబిడ్డను తప్పిస్తే కోర్టు ఆ వీలునామాను అనుమానంగానే చూస్తుంది. కొంతైనా ఇవ్వమనే నా మాట.

మీరు అడిగిన ప్రొబేట్ గురించి: హిందువులు ఆంధ్ర, తెలంగాణల్లో, ఇక్కడి ఆస్తికి రాసిన వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ మీ ఇష్టమే, నేనైతే చేయించమంటాను. నడవలేని వాళ్లు కోరితే సబ్ రిజిస్ట్రార్ ఇంటికే వస్తారు. తర్వాత మనసు మారితే కొత్తది రాసుకోవచ్చు, చివర రాసిందే నిలుస్తుంది.

రిజిస్టరైనా సరే, రేపు ఎవరైనా కాదంటే కోర్టులో నిరూపించాల్సింది సాక్షులతోనే. ఒక కేసు చెప్తాను. పెద్దాయన సంతకం నిజమే, కాగితం నిజమే. సాక్షిని బోనులో 'ఆయన సంతకం పెడుతుంటే చూశావా?' అని అడిగారు. 'లేదండీ, అప్పటికే పెట్టి ఉంది. వాళ్లబ్బాయి తెచ్చి ఇక్కడ పెట్టమంటే పెట్టాను' అన్నాడు. పెద్దాయన తనతో ఏమీ చెప్పలేదని కూడా అన్నాడు. వీలునామా అక్కడే పోయింది. ఇద్దరు సాక్షులూ మీరు సంతకం చేయడం కళ్లారా చూడాలి, వాళ్లూ మీ ఎదుటే చేయాలి. మీ వయసు స్నేహితులను కాకుండా నలభై, యాభై ఏళ్ల వాళ్లను పెట్టుకోండి. మీ పాత విద్యార్థుల్లో నమ్మకస్తులు ఇద్దరు దొరకరా? ఆస్తి అందుకునేవాళ్లు సాక్షులుగా వద్దు. రాయించేటప్పుడు అమ్మగారినీ, పిల్లలనూ పక్కన కూర్చోబెట్టుకోకండి. ఆ వారంలోనే మీ డాక్టరు దగ్గర మీ మతి స్థిమితంగా ఉందని ఒక సర్టిఫికెట్ తీసుకుని కలిపి ఉంచండి.

అసలు కాగితం ఎక్కడుందో అమ్మగారికి, అమ్మాయికి చెప్పండి. లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు నాన్నగారి కొనుగోలు దస్తావేజు, 1988 పంపకాల కాగితం, తాజా ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) వెంట పట్టుకెళ్లండి.